కిలోకి ఒక సెకను

మా ఇల్లు, వంటగది బల్ల
జూన్ 11

ఓడా,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "కొలను దగ్గరున్నానే, తర్వాత చేస్తా" అంటావు. నీ తర్వాత ఎప్పటికీ రాదు. అందుకే రాస్తున్నాను. కాగితాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా.

నా కూతురు నాలుగు రోజుల సెలవుకి ఇంటికొచ్చి ఈ పొద్దున్నే మళ్లీ నీ ఈత హాస్టలుకి బయల్దేరింది. బస్సు దిగినప్పుడు ఎవరి పిల్లో అనుకుని పక్కకి చూశాను. "అమ్మా" అంటే గాని నాకు తెలియలేదు. ఏడాది పిల్లగా నీళ్ల తొట్టిలో మునిగి నవ్వుతూ లేస్తే, బుడుంగు అని దానికి పేరు పెట్టింది నువ్వే. ఆ బుడుంగేనా ఇది?

ఎండ మండిపోతుంటే స్వెటరు తియ్యలేదు. గుడ్డు ఉడికించి పెడితే పచ్చసొన గోరుతో తవ్వి పళ్లెం అంచున పెట్టింది. ఒక అరటిపండుని మూడు ముక్కలు కోసి మూడు పూటలకి దాచుకుంది. స్నానాల గది జాలీలో గుప్పెడు వెంట్రుకలు తీశాను. ఇంట్లో కాటా ఉంది కదా, రోజుకి నాలుగుసార్లు ఎక్కింది. నా ఉద్యోగమే దుకాణాల కాటాలు సరిచూడటం. పగలంతా కాటాల ముందు నిలబడి, ఇంటికొస్తే నా కూతురు కాటా మీద!

నాలుగోసారి పట్టుకుని అడిగాను.

"ఏంటే ఇది?"

"మేడం చెప్పిందమ్మా. కిలో తగ్గితే సెకను తగ్గుతుందట."

"మేడం ఎవరే?"

"పిన్నేనమ్మా. కొలను దగ్గర పిన్నీ అనకూడదు."

జనవరిలో నీ దగ్గర దింపినప్పుడు యాభై ఎనిమిది కిలోలు. ఇప్పుడు నా కాటా మీద యాభై ఒకటి. పదహారేళ్ల పిల్ల, నాకన్నా అరడుగు పొడుగు. నువ్వు దానికేం పెడుతున్నావు? ఏం చెబుతున్నావు? అరకొర జవాబు వద్దు.

తెడ్డు


ఈతకొలను, కోచ్ గది
జూన్ 19

తెడ్డూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒళ్లు మండింది.

నీ కూతురు నా దగ్గరకి వచ్చినప్పుడు రెండు వందల మీటర్లు ఈదడానికి రెండు నిమిషాల ఇరవై రెండు సెకన్లు పట్టేది. మొన్న సోమవారం రెండు పదిహేడు. ఈ అయిదు సెకన్లు ఎక్కణ్నుంచి వచ్చాయనుకుంటున్నావు? నీ ముద్దుల్లోంచి రాలేదు. ఒంటి మీద మోసుకు తిరుగుతున్న అనవసరపు బరువు దించాను కాబట్టి వచ్చాయి. అక్టోబరులో జట్టు ఎంపిక. నా దగ్గర పదకొండుమంది అమ్మాయిలున్నారు, చోట్లు రెండే. ఒడిలో కూర్చోబెట్టుకుని గోరుముద్దలు తినిపించడానికి కాదు నువ్వు పిల్లని ఇక్కడికి పంపింది. "నీ చేతుల్లో పెడుతున్నానే, ఏం చేస్తావో నీ ఇష్టం" అన్నావు. గుర్తుందా?

ప్రతి సోమవారం పొద్దున తూస్తాం. పేరుకెదురుగా బరువు రాసి పట్టిక గోడకి తగిలిస్తాం. అందరికీ కనిపిస్తుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. పిన్నీ అనొద్దన్నమాట నిజం. మిగతా పదిమందికి నేను పిన్నిని కాదు.

నువ్వు నీళ్లు వదిలేసి ఇరవై మూడేళ్లయింది. ఒంటి మీద తడి ఎప్పుడో ఆరిపోయిన మనిషివి, నాకు ఈత నేర్పకు. ఈసారి అరటిపండు కథ రాసేటట్టయితే ఉత్తరమే రాయకు.

ఓడ


మా ఇల్లు, అదే బల్ల
జూన్ 27

గౌరవనీయులైన కోచ్ మేడం గారికి,

ఒంటి మీద తడి ఆరిపోయిన మనిషి నమస్కరించి రాయునది.

గోడకి తగిలిస్తారా? ఆడపిల్లల బరువులు? దారిన పోయే కాపలావాడూ, నీళ్లలో మందు కలిపేవాడూ చదువుకునేలాగా? నీకు బుద్ధుందా? మనకి ఈత నేర్పిన ఈల మాస్టారు కూడా ఇంత పని చెయ్యలేదే. ఆయన చీటీ మీద రాసి మన చేతికిచ్చేవాడు, మనం దాన్ని నమిలి ఉమ్మేసేవాళ్లం.

ఆయన పేరెత్తాను కాబట్టి అడుగుతున్నాను. నువ్వు అరవై ఎనిమిది కిలోలున్నప్పుడు మన కొలనులో నిన్ను దాటిన మనిషి ఉందా? నువ్వు దూకితే పక్క వరసల్లోకి అల వచ్చేది. అందుకే కదా నీకు ఓడ అని పేరు. పొడుగు చేతులేసుకుని నీ వెనకాల పడి ఈదేదాన్ని కాబట్టి నేను తెడ్డునయ్యాను. "ఈ ఓడలో సరుకెక్కువైంది, దించాలి" అన్నాడు ఈల మాస్టారు. పది కిలోలు దించాడు. మొదటి నెల నీ టైము తగ్గింది నిజమే. ఆయన ఎగిరి గంతేశాడు. మూడో నెలకి నీ చెయ్యి నీళ్లని లాగలేకపోయింది. నీ కాళ్లు కిందికి జారిపోయి ఎవరో పట్టి గుంజుతున్నట్టు ఈదావు. అయిదో నెలలో బట్టలు మార్చుకునే గదిలో పడిపోయావు. నీ తల నా ఒళ్లో ఉంది. కళ్లు తెరిచి నువ్వన్న మొదటి మాట, "నా మనసు గట్టిది కాదే, అందుకే ఇలా." నీకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఇప్పటికీ అదే అనుకుంటున్నావా?

కాటాల గురించి నాకు బాగా తెలుసు, అది నా పని. కాటా మొత్తం ఎంతో చెబుతుంది, అందులో ఏది ఎంతో చెప్పదు. కండ పోయినా కిలో తగ్గుతుంది, కొవ్వు పోయినా కిలో తగ్గుతుంది, నీళ్లు తాగకపోయినా తగ్గుతుంది. నువ్వు మూడింటినీ ఒకే గడిలో రాసి చప్పట్లు కొడుతున్నావు. కొలనులోకి దిగాక మన బరువు చాలావరకు నీళ్లే మోస్తాయి. అడ్డం పడేది ఒళ్లు నీళ్లని తోసుకుపోయే తీరు, ముందుకు నెట్టేది కండ. పెరిగే పిల్ల ఆ కండ కోసం తినాలి. ఇది నాకు చెప్పింది నువ్వే, పద్దెనిమిదేళ్లప్పుడు, నీ పళ్లెంలోది తిని నా పళ్లెంలోది కూడా లాక్కుంటూ.

వచ్చే సోమవారం వస్తున్నాను. ఎలా ఆపుతావో చూద్దాం.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి


ఈతకొలను, కోచ్ గది
జులై 9

నీకు సిగ్గు లేదు.

సోమవారం పొద్దున ఏడింటికి, పదకొండుమంది పిల్లలు ఈత దుస్తుల్లో వరసగా నిలబడి ఉండగా, మీ ఆయన చేత పది కిలోల తూకం రాళ్లు అయిదు మోయించుకుంటూ వచ్చావు. "కాస్త జరగండమ్మా" అన్నావు, సరుకుల దుకాణంలో సోదాకి వచ్చినట్టు. ఒక్కొక్క రాయీ కాటా మీద పెట్టావు. యాభై కిలోలకి నా కాటా యాభై రెండున్నర చూపించింది. అక్కడితో ఊరుకున్నావా? పిల్లల వైపు తిరిగి, "మీ మేడం మీ ఒక్కొక్కళ్లకీ రెండున్నర కిలోలు ఊరికే వడ్డించిందమ్మా, తిన్నారా?" అన్నావు.

ఒక పిల్ల నవ్వింది. ఇంకో పిల్ల గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అది ఎందుకేడ్చిందని నువ్వు నన్నడిగావు. నీకు చెప్పాల్సిన అవసరం నాకు లేదు.

నీ అధికారం దుకాణాల మీద, నా కొలను మీద కాదు. కాటా పాడైతే కొత్తది తెచ్చుకుంటాను. కాటా తప్పయినంత మాత్రాన పద్ధతి తప్పయిపోదు. నీ కూతురి మాట విన్నావుగా! "ఇంటికి పద" అని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. "నా పరువు తీశావమ్మా, వెళ్లిపో" అంది. నేను నేర్పిన మాట కాదది.

సరే, ఇంత దూరం వచ్చాం కాబట్టి ఇదీ రాసేస్తాను. ఇరవై మూడేళ్లు దిగమింగుకుని కూర్చున్నాను.

ఈల మాస్టారు ఆ రోజు నా సంచి తెరిచాడు. వెతకలేదు. నేరుగా తువ్వాలు మడతల్లోకి చెయ్యి పెట్టి రొట్టె ముక్కలు బయటికి తీశాడు. అందరి ముందూ వాటిని కొలనులోకి విసిరేశాడు. "ఆకలిని గెలవలేనిది నీళ్లనేం గెలుస్తుంది" అన్నాడు. నన్ను రిలే జట్టులోంచి తీసేశాడు. ఆ తువ్వాలు మడతల సంగతి ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు. నా చోట్లో రిలే ఈదింది కూడా ఆ మనిషే. ఆ పతకం నీ ఇంటి గోడ మీద ఇంకా వేలాడుతోందా?

నాకు నీతులు చెప్పకు.


మా ఇల్లు
జులై 15

ఓడా,

చెప్పింది నేనే.

నువ్వు బాగుపడాలని చెప్పానని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. రిలేకి నలుగురు కావాలి, నేను అయిదోదాన్ని. నీ టైము పడిపోతున్నా ఆయన నిన్నే ఉంచుతున్నాడు. నేను గట్టు మీద తువ్వాళ్లు పట్టుకుని నిలబడుతున్నాను. ఒకరోజు ఆయన గదికి వెళ్లి చెప్పాను. చెప్పి బయటికొచ్చేసరికి నువ్వు ఎదురొచ్చి, "ఎక్కడికెళ్లావే, నీకోసం సగం దాచాను" అని రొట్టె చేతిలో పెట్టావు. తిన్నాను కూడా.

పతకం గోడ మీద లేదు. బీరువాలో పాత దుప్పట్ల కింద ఉంది. అది ఎక్కడిదో నా కూతురికి ఎప్పుడూ చెప్పలేదు. నన్ను తిట్టు. కొట్టాలనిపిస్తే వచ్చి కొట్టు. ఇన్నేళ్లూ నీతో మామూలుగా మాట్లాడుతూ, పిల్లకి పేరు పెట్టమని అడిగి, చివరికి దాన్ని తెచ్చి నీ చేతుల్లో పెట్టానే, అది కూడా ఒక రకం అప్పు తీర్చుకోవడం అనుకున్నాను. తెలివితక్కువదాన్ని.

ఇప్పుడు నేనడిగేదానికి జవాబు చెప్పు. నా మీద కోపం నా కూతురి పళ్లెంలో తీర్చుకుంటున్నావా?

దాన్ని ఆ రోజే లాక్కొచ్చేదాన్ని. మా ఆయన అడ్డం పడ్డాడు. "దాని మొహం చూడు. ఇప్పుడు తీసుకెళితే జన్మలో మనతో మాట్లాడదు. అక్టోబరు దాకా ఆగుదాం" అన్నాడు. ఆగుతున్నాను, కానీ ఊరికే కాదు. పట్టిక గోడ మీంచి దిగాలి. పిల్లలు కడుపు నిండా తినాలి. నెలకోసారి డాక్టరు చూడాలి. ఇందులో ఏది జరక్కపోయినా నేను మళ్లీ వస్తాను. ఈసారి రాళ్లు తీసుకురాను, పోలీసుల్ని తీసుకొస్తాను.

తెడ్డు


ఈతకొలను
జులై 24

తెడ్డూ,

నీ కూతురి మీద కక్ష తీర్చుకోవడం లేదు. అది నా దగ్గరున్న పిల్లలందరిలోకీ బాగా ఈదుతుంది. అందుకే దాని దగ్గర ఇంకా కఠినంగా ఉంటాను.

పట్టిక తీసేశాను. కొత్త కాటా వచ్చింది. తిండి బాగానే తింటోంది. డాక్టరు సంగతి చూస్తాను.

నువ్వు ఒప్పుకున్నదాని గురించి రాయడానికి నాకు ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

ఓడ


ఈతకొలను, కోచ్ గది
సెప్టెంబరు 4

తెడ్డూ,

నిన్న ఆస్పత్రి వరండాలో నువ్వు నా మొహం చూడలేదు. చూడమని అడగను. ఏం జరిగిందో, దానికి ముందు ఏం జరిగిందో పూర్తిగా రాస్తున్నాను. నువ్వడిగినవే కాదు, నువ్వడగాలని నీకు తెలియనివి కూడా.

సోమవారం సాయంత్రం రెండు వందల మీటర్లకి గడియారం పెట్టాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి రెండు పొడుగులు మామూలుగానే ఈదింది. మూడో పొడుగు మధ్యలో చెయ్యి ఎత్తడం ఆపేసింది. తాడు పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకోలేదు. మొహం నీళ్లలోనే ఉంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టానే తెడ్డూ, అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. అప్పుడు బూట్లతో దూకాను. గట్టు మీదికి ఎత్తడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. అంత పొడుగు పిల్లని ఒక్కదాన్నే ఎత్తి పడుకోబెట్టాను. గుండె నిమిషానికి ముప్పై ఎనిమిదిసార్లే కొట్టుకుంటోందని, ఒంట్లో లవణాలు పడిపోయాయని డాక్టరు చెప్పింది. అది నువ్వూ విన్నావు.

నువ్వు విననివి ఇవి. పట్టిక తీసేశానని రాశాను. తీసి నా గది తలుపుకి లోపలివైపు తగిలించాను. తిండి బాగా తింటోందని రాశాను. నేనెప్పుడూ భోజనాల గదిలోకి వెళ్లి చూడలేదు. డాక్టరుని పిలవలేదు. ఆ రోజు గోడకి ఆనుకుని ఏడ్చిన పిల్లకి రెండు కిలోలు ఎక్కువుందని నెల రోజులుగా సాయంత్రం భోజనం ఆపించాను. ఆ రెండు కిలోలూ కాటావి.

నీ కూతురికి ఫిబ్రవరి నుంచి నెలసరి రాలేదు. మార్చిలో నా గదికొచ్చి తలుపు వేసి చెప్పింది. భయపడిపోయి ఉంది. "మంచిదే, సాధన గట్టిగా చేస్తున్నావన్నమాట" అన్నాను. "అమ్మకి చెప్పకు, కంగారుపడుతుంది" అన్నాను.

జులైలో దాని టైము రెండు పదిహేడు. ఆగస్టు మొదట్లో రెండు ఇరవై. ఆగస్టు చివర రెండు ఇరవై నాలుగు. ఆ అంకెలు చూసి నేనేం చేశానో తెలుసా? ఇంకో కిలో తగ్గమన్నాను.

కక్ష కాదు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా. ఈల మాస్టారు చేసింది తప్పని ఒప్పుకుంటే, నేను ఓడిపోలేదు, నా ఒంటిని నాశనం చేశారని ఒప్పుకోవాలి. నా తుంటి ఎముక నలభై రెండేళ్లకే డెబ్బై ఏళ్ల ముసలిదానిలా ఉందని పోయినేడు డాక్టరు చెప్పింది. "చిన్నప్పుడు చాలా కాలం తిండి మానేశారా?" అని అడిగింది. లేదన్నాను. నా మనసు గట్టిది కాదు కాబట్టి ఓడిపోయాననుకోవడమే నాకు తేలికగా ఉండేది. గట్టి మనసున్న పిల్లల్ని తయారుచేస్తే అది రుజువైపోతుందనుకున్నాను.

నువ్వేం చేసినా సరే.

ఓడ


మా ఇల్లు
సెప్టెంబరు 15

నీ ఎముకల గురించి చదివి ఏడ్చాను. ఏడుస్తూనే మళ్లీ పైకి వెళ్లి మార్చి నెల దగ్గర చదివి ఆ కాగితం నాలుగు ముక్కలు చేశాను. తర్వాత కూర్చుని అతికించాను. అది నాకు కావాలి.

పదహారేళ్ల పిల్ల నీ గది తలుపు మూసి చెప్పుకుంటే, మంచిదే అంటావా? అమ్మకి చెప్పొద్దంటావా? అసలు నీ నోరెలా వచ్చిందే! ఈల మాస్టారు మూర్ఖుడు, ఆయనకి తెలియదు. నీకు తెలుసు. డాక్టరు నీ మొహం మీదే అడిగిందట. నీ ఒళ్లే నీకు చెప్పిందట. తెలిసి చేశావు. నీకు జరిగింది విని జాలిపడే మనిషి ఎవరన్నా ఉంటే వాళ్ల దగ్గరికి వెళ్లు, నా దగ్గరికి రాకు. నాక్కూడా జాలి వస్తోంది, అందుకే ఇంకా మండుతోంది.

ఇక్కడ సంగతి విను. పొద్దున్నే పాల గ్లాసు ముందు పెడతాను. అది గంటసేపు గ్లాసుని చూస్తుంది. నేను ఎదురుగా కూర్చుని దాన్ని చూస్తాను. కొన్నిరోజులు తాగుతుంది. కొన్నిరోజులు గ్లాసు తీసుకుని లోపలికి వెళుతుంది, సింకులో నీళ్ల చప్పుడవుతుంది. "నావల్ల ఎంపిక పోయింది, మేడం తప్పేం లేదు" అంటుంది. నీ మాటే దాని నోట్లో ఉంది. ఇంట్లో కాటా తీసి ఆఫీసుకి పంపేశాను. ఇప్పుడు మణికట్టుని రెండు వేళ్లతో చుట్టి కొలుచుకుంటోంది.

మీ కొలను కమిటీకి నేను ఫిర్యాదు రాస్తే, ఎంపికకి వెళ్లలేని పిల్ల తల్లి ఏడుపంటారు. నువ్వు రాయి. మార్చి నెలతో సహా, ఏడ్చిన పిల్లతో సహా, తలుపు వెనక పట్టికతో సహా. పదకొండుమంది ఇళ్లకీ వెళ్లి నీ నోటితో చెప్పు. నీ సంజాయిషీలు కాదు, వాళ్ల పిల్లల్ని డాక్టరుకి చూపించుకోమని చెప్పు.

నేను నిన్ను క్షమించలేదు. నువ్వు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు. రెండూ కలిపి కొట్టివేయడానికి నేను ఒప్పుకోను.


మా అన్నయ్య ఇల్లు, మేడ మీద గది
అక్టోబరు 20

తెడ్డూ,

రాశాను. ఏడు పేజీలు. కమిటీ వాళ్లు నన్ను పిలిచి, "ఇంత రాయాల్సిన అవసరం ఏముంది మేడం, ఆరోగ్య కారణాలని రెండు ముక్కలు రాసి తప్పుకోండి, మీకూ మాకూ పరువుగా ఉంటుంది" అన్నారు. ఏడు పేజీలూ తీసుకుంటేనే కదులుతానన్నాను. గొడవైంది. నేను బల్ల మీద గట్టిగా కొట్టాను, అద్దం పగిలింది. ఇక నేను కోచ్‌ని కాను. ఆరు వారాల్లో ఎవరినో తెస్తారట. సోమవారాలు తూయడం ఆపుతూ కాగితం మీద సంతకాలు చేశారు.

పదకొండు ఇళ్లకీ వెళ్లాను. కొందరు తిట్టారు. ఒక తల్లి తలుపు తియ్యలేదు, కిటికీలోంచే విని కిటికీ మూసింది. వాటికి నాకేమీ బాధ లేదు. ఒకాయన మాత్రం కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి అంతా విని, "మీ పద్ధతే బాగుంది మేడం, మావాడు వినడు గాని మా అమ్మాయి వింటుంది. ఇంకో రెండు కిలోలు తగ్గితే బాగుంటుందేమో, కొత్తవాళ్లకి కాస్త చెప్పి వెళ్లండి" అన్నాడు. కప్పు ఆయన ఒళ్లో పోసెయ్యాలనిపించింది. లేచి ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, "మీ నాన్న మాట వినకు, నా మాట అసలే వినకు, అన్నం తిను" అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఏడాదంతా దానికి నేను చెప్పింది వేరు కదా.

నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ఈ కట్టలో వెనక్కి పంపుతున్నాను. కమిటీ మాట మారిస్తే నీ దగ్గర రెండు వైపులవీ ఉంటాయి.

రొట్టె సంగతి. నువ్వు ఒప్పుకున్న రోజు కొలను చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. చెప్పావన్న కోపం పాతది, అరిగిపోయింది. నా చేతి రొట్టె తిన్నావు చూడు, ఆ కోపం కొత్తది. అది తగ్గడానికి టైము పడుతుంది.

ఓడ


మా ఇల్లు, నా గది
ఏప్రిల్ 6

అమ్మకీ, మేడంకీ,

ఒకే ఉత్తరం రెండు కాపీలు రాస్తున్నాను. ఒక అక్షరం కూడా తేడా లేదు, కావాలంటే పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.

అక్టోబరులో మేడం కట్ట వచ్చినప్పుడు అమ్మ ఆఫీసులో ఉంది. నేనే సంతకం చేసి తీసుకున్నాను. విప్పాను. అమ్మ బీరువాలోంచి మేడం ఉత్తరాలు తీసి వరసగా పెట్టుకుని అన్నీ చదివాను. మళ్లీ ఎక్కడివక్కడ పెట్టాను. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెబితే కోపంతో ఏదన్నా విరగ్గొడతానని చెప్పలేదు.

నా వెంట్రుకల గురించి రాసుకున్నారు. నా నెలసరి గురించి రాసుకున్నారు. నేను పచ్చసొన ఎలా తీశానో, ఎన్ని సెకన్లు మునిగానో, ఎంత తేలిగ్గా ఉన్నానో, అన్నీ. ఇన్ని ఉత్తరాల్లో ఇద్దరిలో ఒక్కరు కూడా "దానికేం కావాలో అడిగాను, అది ఇలా అంది" అని రాయలేదు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అమ్మా, నువ్వు రాళ్లు మోయించుకుని వచ్చిన రోజు నేను ఆ కాటా మీద ఎక్కబోతున్నాను. నన్ను పక్కకి తీసుకెళ్లి మాట్లాడి ఉంటే నీతో వచ్చేసేదాన్ని. ముందు రోజు మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాను. నువ్వు అందరి ముందూ గెలిచావు, నేను నీతో రాలేకపోయాను. మేడం, మీకు మార్చిలో చెప్పడానికి నాలుగు రోజులు ధైర్యం కూడగట్టుకున్నాను. మీరు "మంచిదే" అన్నాక నాకు నిజంగానే సంతోషం వేసింది. దానికి మిమ్మల్ని ఎప్పటికీ క్షమించను.

నేనూ అబద్ధాలాడాను. పాలు పారబోసింది నిజం. జేబుల్లో నాణేలు వేసుకుని డాక్టరు కాటా ఎక్కింది నిజం. ఆ డాక్టరు తెలివైనది, నాణేలు తీయించి, తిట్టకుండా, "మళ్లీ ఎప్పుడు ఈదాలనుంది?" అని అడిగింది. ఎవరూ అడగని మాట అది. ఈదాలంటే ఏం కావాలో వివరంగా చెప్పింది. డిసెంబరులో మళ్లీ నెలసరి వచ్చింది. జనవరిలో నీళ్లలోకి దిగాను, మన పేటలో అందరూ వచ్చే కొలనులో. అక్కడ కాపలా కూర్చునే తాత నా టైము చూడడు, పేపరు చదువుకుంటాడు. మొదటి రోజు రెండు పొడుగులకే రొప్పాను. గట్టు పట్టుకుని వచ్చేపోయే పిల్లల్ని అందరినీ తిట్టుకున్నాను.

నిన్న పోటీ. ఇద్దరికీ చెప్పలేదు. ఎలా తెలిసిందో, ఇద్దరూ వచ్చారు. ఒకరు ఈ గోడ వైపు మెట్ల మీద, ఒకరు ఆ గోడ వైపు మెట్ల మీద. తిరిగిన ప్రతిసారీ ఒకచోట అమ్మ గొంతు, ఒకచోట మేడం గొంతు. ఇద్దరూ ఒకటే మాట, "కాళ్లు! కాళ్లు!" అని. నా కాళ్ల సంగతి నాకు తెలుసు.

రెండు నిమిషాల పద్దెనిమిది. నాలుగోదాన్ని. మూడోదానికీ నాకూ మధ్య జానెడు. చివరి పొడుగులో నా చేతులు ఇంకా పనిచేస్తున్నాయి, అది మీరు గమనించారో లేదో. గట్టెక్కాక ఏడ్చాను. ఓడిపోయినందుకే ఏడ్చాను, వేరే దేనికీ కాదు. నా బరువు ఎంతో డాక్టరు చీటీలో ఉంది, నేను చూడలేదు, మీరూ చూడకండి.

పోటీ అయ్యాక మీరిద్దరూ ఒకే గుమ్మంలోంచి బయటికి వచ్చి, ఒకరినొకరు చూడనట్టు నటించారు. నేను తువ్వాలు కప్పుకుని చూస్తున్నాను. మీ ఇద్దరి మధ్య ఉన్న రొట్టె, పతకం, ఈల మాస్టారు, అవన్నీ నాకన్నా పాతవి. వాటి గురించి ఎన్ని ఉత్తరాలైనా రాసుకోండి, కావాలంటే ఎదురుగా కూర్చుని జుట్లు పట్టుకోండి. నా గురించి మాత్రం నన్నడక్కుండా ఇంకొక్క అక్షరం రాయొద్దు.

ఇంకా రాయాలనుంది గాని పడుకుంటున్నాను. రేపు పొద్దున ఆరింటికి నాకు ఈత ఉంది.

బుడుంగు